తవుడికి అమ్మిన పిల్ల

జులై 7, సోమవారం

ఇది ఎక్కడో ఒకచోట రాయకపోతే నోరు జారి అక్కతో అనేస్తాను. అందుకే రాస్తున్నాను. ఈ ఇంట్లో పసిపిల్ల గురించి అనుమానం పైకి అనకూడదు. అంటే ఆ మాటే తగులుతుందని భయపడతారు. ఇద్దరు పోయాక పుట్టిన పిల్ల.

విషయం ఇది. అక్క కూతురికి ఐదో నెల నడుస్తోంది. అది నవ్వదు.

శ్రీకాకుళంలో ట్రైనింగులో నెల్లాళ్ళుగా మాకు నేర్పుతున్నది ఇదే. ఏడాదిలోపు పిల్లల్ని చూసి, మనసు ఎదుగుదలలో ఏదైనా తేడా ఉంటే ముందే గుర్తుపట్టాలి. బరువూ ఎత్తూ చూసేవాళ్ళు వేరే ఉన్నారు. మేం చూసేది, పలకరిస్తే నవ్వుతుందా, ఎత్తుకున్న మనిషి మొహంలోకి చూస్తుందా, అమ్మ గొంతు వింటే కాళ్ళూ చేతులూ ఆడిస్తుందా అని. ఇప్పుడు ఊళ్ళు తిరిగే పని పడింది. పాతపట్నం వైపు ఇచ్చారు. అక్క అత్తారి ఊరు అక్కడే కదా అని హాస్టల్ మానేసి ఇక్కడికి వచ్చాను. పగలు వేరే ఇళ్ళలో పిల్లల్ని చూసి, సాయంత్రం ఈ ఇంటికి చుట్టంలా వస్తున్నాను. ఇంట్లో పిల్లని ఆ కళ్ళతో చూడకూడదనుకున్నాను.

చూశాను.

జులై 8

ఏమీ లేదు. కొందరు పిల్లలు ఆలస్యంగా నవ్వుతారు.

జులై 10, గురువారం

పిల్లని అందరూ తవుడు అనే పిలుస్తారు. వేరే పేరు పెట్టలేదు. ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజునే చేటలో పడుకోబెట్టి గుమ్మం బయట పెడితే, పక్కింటి దానమ్మ పిన్ని తవుడు ఇచ్చి కొనుక్కుంది. కొనుక్కుని, పెంచమని తిరిగి అక్క చేతికే ఇచ్చింది. ముందు పుట్టినవాళ్ళు దక్కకపోతే మా వైపు అలా చేస్తారు. నా క్లాసులోనే ఇద్దరు తవిటినాయుళ్ళు ఉండేవారు, వాళ్ళ పేరు గురించి ఎవరం ఆలోచించలేదు. తవుడికి పోయిన పిల్ల అంటే ఎవరి కన్నూ పడదు. ఏడాది నిండేదాకా అది అక్క పిల్ల కాదు.

ఇవాళ ఇంట్లో అందరూ ఉభాలకి వెళ్ళారు. నాట్లు వెనకబడ్డాయని అక్క కూడా వెళ్ళింది. నాకు సెలవు పెట్టించి పిల్లని అప్పచెప్పారు. గజ్జె పట్టుకుని చెవి దగ్గర ఆడించాను. తిరిగింది. రెండోవైపు ఆడించాను. అటూ తిరిగింది. ఎర్ర చున్నీ చూపించాను. చున్నీ ఎటు వెళ్తే అటు చూసింది. చెవులు ఉన్నాయి, కళ్ళు ఉన్నాయి.

నా మొహం దగ్గరగా పెట్టాను. నా చెవి పక్కనుంచి గోడని చూసింది. ఇటు జరిగితే అటు చూసింది.

సాయంత్రం అక్క అత్త అసిరమ్మ పిల్లకి నూనె రాస్తూ, "ఎందుకూ పనికిరాని గుంట, నల్లగుంట," అంది. ఆడపిల్లని గుంట అంటారిక్కడ, ఆ తిట్టు ముద్దే. పొగిడితే దిష్టి కాబట్టి అలా తిడుతుంది. కాళ్ళవైపు చూస్తూ తిట్టింది. "ఒక్క నాడు ఏడిసి ఎరగదే సిందూ. ఇంట్లో ఉన్నాదో లేదో తెలీదు," అని నాతో అంది, అదేదో మంచి అయినట్టు.

జులై 12, శనివారం

ఫోన్‌లో ఆటిజం అని వెతికాను. మొహంలోకి చూడని పిల్లలు, నవ్వని పిల్లలు. వెతక్కుండా ఉండాల్సింది. రాసిన ప్రతిదీ తవుడు గురించే అనిపించింది.

మా ఇంట్లో బడి మొహం చూసింది నేనే మొదట. అక్క పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్ళి నన్ను చదివించింది. ఆ చదువుతో నేను మొదట గుర్తుపట్టేది అక్క కూతురిలో తేడానా?

ఏమీ లేదు. సోమవారం మేడంని అడుగుతాను. ఏమీ లేదంటుంది.

జులై 14, సోమవారం

పరమేశ్వరి మేడంకి ఫోన్ చేశాను. మాకు పాఠాలు చెప్పేది ఆవిడే. ఎవరి పిల్లో చెప్పలేదు, "ఒక ఇంట్లో చూశాను మేడం," అన్నాను. ఆటిజం అనుకుంటున్నానన్నాను.

"ఐదో నెలకే ఆ మాట ఎవరికీ అనకు. ఎవరమూ ఇప్పుడే తేల్చలేం," అంది. తర్వాత ఒకటి అడిగింది. "ఆ పాపతో రోజులో ఎవరు మాట్లాడతారు?"

"ఇంటినిండా మనుషులున్నారు మేడం."

"మనుషులున్నారు సరే. పాపతో ఎవరు మాట్లాడతారు? నువ్వు పరీక్షించినప్పుడు మాట్లాడావా?"

గజ్జె ఆడించాను. చున్నీ ఆడించాను. నోరు తెరిచినట్టు గుర్తు లేదు.

జులై 15, మంగళవారం

ఒంట్లో బాగోలేదని చెప్పి ఇంట్లోనే ఉండి చూశాను.

పొద్దున్న అత్త నీళ్ళు పోసింది. కాళ్ళమీద బోర్లా పడుకోబెట్టి పోసింది. పిల్లకి అత్త పాదాలు కనబడ్డాయి. సాంబ్రాణి వేశారు, పడుకోబెట్టారు. ఉయ్యాల అక్క ఊపింది, బియ్యం ఏరుకుంటూ, కాలితో. పాలిచ్చేటప్పుడు అక్క గోడవైపు తిరిగి కూర్చుంది. పిల్ల మొహంమీద పల్చటి తువ్వాలు కప్పింది. పాలు తాగినంతసేపూ పిల్లకి తువ్వాలే లోకం. తాగాక తువ్వాలుతో సహా ఎత్తి ఉయ్యాలలో వేసింది.

ఎవరూ నిర్లక్ష్యం చెయ్యట్లేదు. తడిబట్ట ఒక్క క్షణం ఉంచరు. ఈగ వాలనివ్వరు. కానీ సాయంత్రం దాకా ఆ పిల్ల ఒక్క మనిషి మొహం కూడా ఎదురుగా చూడలేదు.

వారంనుంచీ ఈ ఇంట్లోనే ఉన్నాను. ఇది మామూలే అనుకుంటూ ఉన్నాను.

జులై 16, బుధవారం

అక్క పాలిస్తుంటే పక్కన కూర్చుని అడిగాను.

"ఆ తువ్వాలు ఎందుకక్కా?"

"ఈగలు."

"ఈగలు లేవు."

"లేకపోతే వస్తాయి."

కాసేపు చూసి నేనే తువ్వాలు తీసేశాను. అక్క కళ్ళు గట్టిగా మూసుకుంది.

"కప్పీయే సిందూ."

"ఒక్కసారి దాని మొహం చూడక్కా."

"అది నాది కాదే. అమ్మీసినాం కదా." కళ్ళు మూసుకునే చెప్పింది. "పెద్దోడిని పొద్దస్తమానం సూసేదాన్ని. నిద్రోతంటే కూడా సూసేదాన్ని. రెండోదానికి పాటలు కూడా పాడినాను. ఇద్దరూ ఎల్పోయారు. దీన్ని నాను సూడలేదు. ఉన్నాదా లేదా? నువ్వే సెప్పు."

నా దగ్గర జవాబు ఉంది. మొదటివాడు నెలలు నిండకుండా పుట్టాడు. రెండోదానికి నిమ్ము చేసింది, ఆసుపత్రికి ఆలస్యంగా తీసుకెళ్ళారు. చూడ్డానికీ పోవడానికీ ఏ సంబంధం లేదు. అదంతా చెప్పాను. తప్పు ఒక్కటీ లేకుండా చెప్పాను. అక్కడితో ఆగాల్సింది. ఇంకో మాట అన్నాను. "నువ్విలాగే ఉంటే దీని మనసు ఎదగదక్కా."

అక్క తువ్వాలు తడుముకుని తీసుకుంది. మళ్ళీ కప్పింది.

"ఎదక్కపోతే మానీ," అంది. "బతికుంటాది కదా."

గుమ్మంలో అత్త నిలబడి ఉంది. "సంటిదాని తల్లిని ఏడిపించడమేనేటి మీ సదువు? ఎల్లి మొకం కడుక్కో," అంది నాతో.

జులై 17

అక్క మాట్లాడలేదు. కంచంలో అన్నం పెట్టి పక్కన పెట్టి వెళ్ళిపోయింది.

జులై 18

అలాగే ఉంది.

జులై 20, ఆదివారం

నిన్నంతా ఆలోచించాను. నేను ఆ తువ్వాలు లాగలేను. లాగితే, రేపు పిల్లకి జలుబు చేసినా నేను చూడమన్నందుకే అంటుంది అక్క. జీవితాంతం అంటుంది. తనలో తను అనుకుంటుంది.

కానీ అమ్మేస్తే కొన్నవాళ్ళు ఉంటారు కదా. కొన్నావిడ ఏదీ?

వచ్చిన దగ్గర్నుంచీ దానమ్మ పిన్ని ఈ గుమ్మం తొక్కగా చూడలేదు. అత్తని అడిగితే, "దాని మేకనే అడుగు," అంది.

దానమ్మ పిన్ని అరుగుమీద గోంగూర తుంచుకుంటోంది. మేక అక్కడే కట్టేసి ఉంది.

"పిన్నీ, నీ పిల్లని చూడ్డానికి రావట్లేదేం?"

"నానేటి రాకపోవడం? మీ అత్తే గడప తొక్కొద్దంది. నా మేక ఆవిడ సీర నమిలీసిందట. నమిలింది కొంగు. సీరంతా మింగీసినట్టు వీధి వీధంతా సెప్పుకుంది."

"ఎప్పుడిది?"

"ఉగాది ముందు."

ఉగాది ముందు అంటే పిల్లకి నెల దాటింది. వాళ్ళది కాదని వీళ్ళు చూడలేదు. రాకూడదని ఆవిడ రాలేదు. మధ్యలో పిల్ల ఎవరిదీ కాకుండా పోయింది. ఇదంతా ఆవిడకి చెప్పాను. నేను చదువుకున్న మాటలు వాడలేదు. తువ్వాలు గురించి చెప్పాను, దానితో ఎవరూ మాట్లాడరని చెప్పాను.

గోంగూర తుంచడం ఆపేసింది. "సంటిదాన్ని మాటాపలుకూ లేకుండా ఒగ్గీసినారా?" అంది. నేను లేచి వస్తుంటే వెనకనుంచి, "అది నా గుంట. తవుడిచ్చి తెచ్చుకున్నాను. నన్నాపడానికి అసిరమ్మ ఎవులు?" అంది, మేకతో.

జులై 21, సోమవారం

పొద్దున్నే వచ్చింది. తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని వచ్చింది. గుమ్మం బయట నిలబడి, "నా గుంటెక్కడ?" అని అడిగింది.

అత్త చీపురు పట్టుకునే వచ్చింది. "ఇప్పుడు గుర్తొచ్చిందేటి?"

"నాకు గుర్తున్నాది. నువ్వే మేకని గుర్తెట్టుకుని నన్ను మర్సిపోయావు."

"సీర ఎవులిస్తారు?"

"నీ సీర నీకు నేయించి ఇస్తాను. ముందు నా గుంటనివ్వు."

అత్త ఏం అనగలదు? అందరిముందూ తవుడు తీసుకున్న చెయ్యి అది. పక్కకి తప్పుకుంది.

దానమ్మ పిన్నిది పెద్ద మొహం, పెద్ద బొట్టు, ఇంకా పెద్ద గొంతు. పిల్లని ఎత్తి ఎదురుగా పట్టుకుని, "ఏటే, ఏటే, నానెవులు? సెప్పు, నానెవులు?" అంది. పిల్ల ఒక్క క్షణం చూసింది. కింద పెదవి వణికింది. తర్వాత ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది.

"సూసినావా, ఏడుపెరగని గుంటని ఏడిపించీసినావు," అంది అత్త.

అక్క వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయింది. నేను పెరట్లోకి వెళ్ళి నిలబడ్డాను. నవ్వు ఆపుకోలేకపోయాను, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనని వెళ్ళాను. కొత్త మొహం చూసి ఏడ్చింది. మొహం అంటే గోడ కాదని దానికి తెలుసు.

జులై 24, గురువారం

పొద్దున్న, మధ్యాహ్నం, దీపాలవేళ, ఎప్పుడు పడితే అప్పుడు వస్తోంది. వచ్చి పిల్లకి ఊరి కబుర్లన్నీ చెప్తోంది. ఎవరి గేదె ఈనింది, ఎవరు పర్లాకిమిడి నుంచి కొత్త కోడల్ని తెచ్చుకున్నారు, కూర ఏం వండింది. ఇవాళ పిల్ల ఏడవలేదు. పిన్ని నోరు ఆడుతుంటే ఆ నోటినే చూసింది. కదలకుండా చూసింది.

నేనూ మాట్లాడుతున్నాను. మొదట సిగ్గేసింది. ఏం మాట్లాడాలో తెలియక నా బస్సు ప్రయాణం గురించి చెప్పాను.

అక్క నాతో ఇంకా మాట్లాడట్లేదు. కానీ పిన్ని వచ్చినప్పుడల్లా వంటింటి గుమ్మం దగ్గర ఏదో పని పెట్టుకుంటోంది.

జులై 27, ఆదివారం

నవ్వింది.

జులై 28, సోమవారం

నిన్న ఇంకేం రాయలేకపోయాను.

పిన్ని తుమ్మింది. ఆవిడ తుమ్మితే వీధి చివరికి వినపడుతుంది. పిల్ల అదిరిపడి, ఆవిడ మొహం చూసి, నవ్వింది. ఆవిడ మళ్ళీ ఉత్తుత్తి తుమ్ము తుమ్మింది. మళ్ళీ నవ్వింది. అత్త అక్కడే ఉంది. "పనికిరాని గుంట, ఎలా నవ్వుతన్నాదో సూడు," అని గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అత్త దాని మొహం చూసే అంది ఆ మాట.

ఇవాళ పొద్దున్న నూతి దగ్గర గిన్నెలు తోముతుంటే అక్క వచ్చి పక్కన కూర్చుంది. ఇన్నాళ్ళకి నోరు విప్పింది.

"నిజంగా నవ్విందా?"

"నవ్వింది."

"పళ్ళు లేవు కదా. ఎలాగుంటాది నవ్వితే?"

కన్నతల్లి నన్ను అడుగుతోంది. గిన్నె తోముతూనే చెప్పాను. "నోరు ఒక పక్కకి పోతుంది. ఎడమ పక్కకి."

"అమ్మకి పోయినట్టు?"

"అచ్చం అలాగే."

అక్క గిన్నెలన్నీ తనముందుకి లాక్కుని, నేను తోమినవి కూడా మళ్ళీ తోమింది.

జులై 30, బుధవారం

ఇవాళ జరిగింది పూర్తిగా రాసుకోవాలి.

అక్క పాలివ్వడానికి గోడవైపు తిరిగింది. తువ్వాలు కప్పబోతుంటే పిల్ల చేత్తో లాగేసింది. అదీ కొత్తే. అక్క మళ్ళీ కప్పింది. పిల్ల ఏడుపు అందుకుంది. దానమ్మ పిన్ని అప్పుడే లోపలికి వచ్చింది.

"ఏటే దేవీ, నా గుంట మొకంమీద గుడ్డేటి?"

అక్క తువ్వాలు అంచు వదల్లేదు.

"నాను కొనుక్కున్న గుంట. పాలిమ్మని నీకిచ్చినాను. పాలు ఊరికే ఇస్తన్నావు, బాగున్నాది. కానీ గుడ్డ కప్పి ఇమ్మని సెప్పినానా?"

"సూస్తే..." అంది అక్క.

"సూస్తే ఏటవుతాది? నీ గుంట అయితే నీ కన్ను తగులుతాది. ఇది నాది కదే. పక్కింటోళ్ళ గుంటని నువ్వెన్నిసార్లు సూడలేదు? మా కూతురు యమున పిల్లని సంకనేసుకుని ఊరంతా తిరిగేదానివి, దానికేటైనా అయిందా? నా గుంటని కూడా అలగే సూడు. పలకరించు. నువ్వు పలకరించకపోతే నాకు కోపం వస్తాది, సెప్తన్నాను."

అత్త దూలంకింద నిలబడి వింటోంది. అక్క అత్తవైపు చూసింది. అత్త చెంగు సర్దుకుని, "అవును కదే," అంది. "దానమ్మది కదా. మనకేటి?"

అక్క తువ్వాలు తీసింది. మొదట పిల్ల చెవిని చూసింది. తర్వాత నుదురు. మెల్లగా కిందకి వచ్చింది. పిల్ల పాలు మానేసి అక్క మొహాన్ని చూస్తోంది, ఇన్నాళ్ళూ ఈ వాసన ఎవరిదా అన్నట్టు.

"ఏటే," అంది అక్క. మళ్ళీ ప్రయత్నించింది. "ఏటే, దానమ్మ గుంటా."

పిల్ల నవ్వలేదు. చూస్తూనే ఉంది. అక్కకి అదే చాలనిపించినట్టుంది.

ఈ ఉపాయం నాకు ఎందుకు తోచలేదా అని సాయంత్రందాకా అనుకున్నాను. తర్వాత మానేశాను. ఎవరికి తోస్తేనేం.

ఆగస్టు 3, ఆదివారం

దానమ్మ గుంటకి మా అక్క పెరట్లో కాకిని చూపిస్తోంది. దానమ్మ గుంటకి మా అక్క పాట పాడుతోంది, చాలా చిన్నగా. వీధిలో ఎవరైనా వస్తే ఆపేస్తోంది.

ఇవాళ అక్క గుమ్మం దాటి వెళ్తే పిల్ల ఏడ్చింది. తిరిగి వస్తే ఊరుకుంది. తరగతిలో దీన్ని ఎన్నిసార్లు రాసుకున్నానో. ఇంట్లో వింటే వేరేగా ఉంది.

హాయిగా నిద్రపట్టింది నాకు, మధ్యాహ్నం పూట.

ఆగస్టు 6, బుధవారం

అంతా అయిపోయిందని రాయాలని ఉంది. రాయలేను.

పిల్ల బాగుంది. అక్క బాగోలేదు. పిల్ల నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. ఒకసారి కాదు. నవ్వుతూ నవ్వుతూ ఉండి, లేచి వెళ్ళి పెరట్లో ఏడ్చి వస్తుంది. "ఇంత సూస్తన్నాను కదే, తవుడికి అమ్మీసిన మాట నిజంగా పనిచేస్తాదా?" అని ఇవాళ అడిగింది. నాకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు, నిజం చెప్పే ధైర్యం లేదు. "నేనున్నాను," అన్నాను.

మేడంకి ఫోన్ చేసి, ఇది మా అక్క సంగతే అని ఈసారి చెప్పేశాను. తిట్టలేదు. పాపని ఒకసారి చూపించమంది, చెవులూ అన్నీ డాక్టరు చూస్తే మంచిది, కంగారు పడాల్సిందేం కనబడట్లేదంది. "కానీ మొదట చూపించాల్సింది మీ అక్కని," అంది. ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకున్న మనిషితో ఇన్నాళ్ళూ ఎవరూ ఆ సంగతి మాట్లాడలేదు కదా అంది. శ్రీకాకుళంలో అలాంటి తల్లులతో మాట్లాడే డాక్టరమ్మ ఉందట. సోమవారాలు వస్తుందట.

అక్కని అడిగాను. "పిచ్చి డాక్టరేటి?" అంది.

"కాదు. పోయినవాళ్ళ గురించి నువ్వు చెప్తే వింటుంది."

అక్క పిల్ల తువ్వాలు మడత పెట్టింది. "వాళ్ళ పేర్లు కూడా సెప్పొచ్చా?" అంది.

వస్తానంది.

అత్త మాత్రం, "ధర్మేంద్ర సెప్తే ఎల్లండి. మగోడు ఊళ్ళో లేనప్పుడు నానెలా పంపుతాను?" అంది. బావ పారాదీప్‌లో క్రేన్ నడుపుతాడు. ఆదివారాలు ఫోన్ చేస్తాడు. పాలు తాగుతోందా, జ్వరం లేదు కదా అని అడుగుతాడు. చూపించమని ఎప్పుడూ అడగడు. బొమ్మ కనబడే ఫోన్ చెయ్యడు. అక్కలాగే బావకీ భయమే అనుకుంటాను. ఆ సంగతి ఇవాళే తట్టింది.

ఆగస్టు 10, ఆదివారం

బావ ఫోన్ చేశాడు. డాక్టరు మాట ఎత్తగానే, "తర్వాత సూద్దాం," అని పెట్టేశాడు. అందుకే రాసి పంపుతున్నాను. ముందు ఇక్కడ రాసుకుని, తప్పులు చూసుకుని పంపుతాను.

బావా, సింధుని. నిదానంగా చదువు. పిల్ల బాగుంది. పలకరిస్తే నవ్వుతోంది. అక్కకి దాన్ని చూడాలని ఎంత ఉండేదో, ఎంత భయమో నాకు ఇప్పుడు తెలిసింది. నీకూ అంతేనని అనుకుంటున్నాను. తప్పయితే ఏమీ అనుకోకు. అక్కని పద్దెనిమిదో తేదీ సోమవారం శ్రీకాకుళం తీసుకెళ్తాను. అక్కకి పిచ్చి లేదు, దుఃఖం ఉంది. దాచుకున్న దుఃఖం పిల్లదాకా వచ్చింది. అక్క వస్తానంది. అత్తకి నీ మాట ఒక్కటి కావాలి.

ఇంకొకటి. ఈసారి బొమ్మ కనబడేలా ఫోన్ చెయ్యి. నిన్ను చూసి మొదట ఏడుస్తుంది. ఏడిస్తే ఫోన్ పెట్టేయకు. కొత్త మొహానికి ఏడవడం మంచి గుర్తే. కాసేపు అలాగే ఉండి మాట్లాడు, ఏదైనా ఫరవాలేదు, నీ క్రేన్ గురించి చెప్పినా వింటుంది.

నీ జవాబు పదహారో తేదీ శనివారం లోపు కావాలి. నాకు కాదు, అత్తకి ఫోన్ చేసి చెప్పు, అక్క పక్కన ఉండగా.